ఊరి నుంచి, దారి నుంచి ఉద్యోగం: పాలమూరు, నల్గొండ వైపు వెళ్లేవాళ్లు ఏ సామాను ఎంచుకోవాలి

బతుకమ్మకు వెళ్లి పది రోజులు అక్కడే ఉండి పని చేసేవాళ్లు, వారం రోజులు సాగర్, సోమశిల తిరుగుతూ మధ్యలో మీటింగులకు కూర్చునేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది "ఏ ల్యాప్‌టాప్ కొనమంటారు?" అని. ఈ ప్రాంతానికి వెళ్లేటప్పుడు అది మూడో ప్రశ్న. దేవరకొండ దగ్గర తండాలోనో వనపర్తి పక్క పల్లెలోనో పని ఆగేది మూడు కారణాల వల్ల: సిగ్నల్ నిలవదు, కరెంటు పోతుంది, ఎండకు ఫోన్ కాగిపోతుంది. అందుకని డబ్బు ముందు నెట్ మీద, తర్వాత కరెంటు మీద పెట్టండి. మిగిలినదాంతో ల్యాప్‌టాప్ చూడండి.

## కొనే ముందు తేల్చుకోవాల్సినవి

మీ పనిలో వీడియో కాల్స్ ఎన్ని గంటలు? మిగతా అన్నిటికంటే ఇదే ముఖ్యం. రోజంతా టైపింగ్, కోడింగ్, ఎక్సెల్ అయితే ల్యాప్‌టాప్ సుమారు 10 వాట్లతో నడుస్తుంది, నెట్ కాసేపు పోయినా ఓర్చుకుంటుంది. వీడియో కాల్‌లో అదే ల్యాప్‌టాప్ 20 వాట్ల దాకా తీసుకుంటుంది, నెట్ పది సెకన్లు పోయినా అవతలివాళ్లకు తెలిసిపోతుంది.

కరెంటు ఒకేసారి ఎంతసేపు పోతుంది? ఊళ్లో ఉన్నవాళ్లను అడగండి. గంట అంటే ఒక లెక్క, ఈదురుగాలి వానకు స్తంభం పడితే సగం రోజు అంటే ఇంకో లెక్క.

ఎలా వెళ్తున్నారు? కారులో అయితే బరువు పట్టించుకోనక్కర్లేదు. ఆర్టీసీ బస్సు దిగి స్టేజీ నుంచి ఆటో ఎక్కేవాళ్లకు, బైకు మీద వెళ్లేవాళ్లకు మొత్తం సామాను నాలుగు కిలోలు దాటకూడదు.

ఏ నెలలో వెళ్తున్నారు? ఏప్రిల్, మే నెలల్లో నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 42, 43 డిగ్రీలు మామూలే. లిథియం బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయకూడదు. రేకుల గదిలో మధ్యాహ్నం ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

## నెట్: నాలుగు దారులు

ఏ కంపెనీ సిమ్ మంచిదని అడిగితే ఊరికో జవాబు, ఒక్కోసారి ఇంటికో జవాబు. గీతలు చూసి నిర్ణయించకండి. ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ బలం అంకెల్లో కనిపిస్తుంది. 4జీలో మైనస్ 95 డీబీఎం లోపు ఉంటే నిశ్చింత. మైనస్ 110 దాకా పని నడుస్తుంది. అది దాటితే వీడియో నిలవదు, మైనస్ 120 దగ్గర మెసేజీలూ కష్టమే. లోపలి గదిలో, వాకిట్లో, బంగ్లా మీద మూడు చోట్లా చూడండి. రాతి గోడల పాత ఇంట్లో లోపలికీ బయటికీ 15, 20 అంకెల తేడా ఉండొచ్చు. ఊరంతా ఫోన్లు చూసుకునే రాత్రి 8 నుంచి 10 మధ్య ఇంకోసారి స్పీడ్ టెస్ట్ చేయండి. అంకె బాగానే ఉండి స్పీడ్ పడిపోతే అది టవర్ మీద రద్దీ. దానికి ఏ పరికరమూ మందు కాదు, రెండో కంపెనీ సిమ్ ఒక్కటే దారి.

| | రోజూ వాడే ఫోన్ హాట్‌స్పాట్ | పాత ఫోన్, రెండో సిమ్ | పాకెట్ రౌటర్ (బ్యాటరీ ఉన్న చిన్న సిమ్ రౌటర్) | సిమ్ వేసే ఇంటి రౌటర్ |
|---|---|---|---|---|
| అదనపు ఖర్చు | లేదు | సిమ్, రీఛార్జ్ | రౌటర్, సిమ్ | రౌటర్, సిమ్, మినీ యూపీఎస్ (రౌటర్‌ను నడిపే చిన్న బ్యాటరీ) |
| కరెంటు పోతే | నడుస్తుంది | నడుస్తుంది | కొన్ని గంటలు | యూపీఎస్ ఉంటేనే |
| వేడికి | త్వరగా కాగుతుంది | కాగుతుంది, కానీ నీడలో పెట్టేయొచ్చు | కొంత మేలు | బాగా ఓర్చుకుంటుంది |
| సిగ్నల్ పట్టడం | బాగుంటుంది | బాగుంటుంది | తరచూ ఫోన్ కంటే తక్కువ | అన్నిటికంటే మేలు |
| ఎవరికి | ఒకటి రెండు రోజులకు | ఎక్కువమందికి | ఫోన్ ముట్టుకోకూడని పనికి | నెల, ఆపైన ఒకేచోట ఉంటే |

మా ఓటు రెండోదానికే. సొరుగులో పడి ఉన్న పాత 4జీ ఫోన్లో, మీ మొదటి సిమ్ కాకుండా వేరే కంపెనీ సిమ్ వేసి, దాన్ని హాట్‌స్పాట్‌కే కేటాయించండి. ఒకే ఫోన్లో రెండు సిమ్‌లు ఉన్నా డేటా ఒక్కదాని మీదే నడుస్తుంది. మార్చేలోపు కాల్ తెగుతుంది, ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే దారి) మళ్లీ మొదటికొస్తుంది. రెండు ఫోన్లు ఉంటే రెండు వైఫై పేర్లూ ల్యాప్‌టాప్‌లో సిద్ధంగా ఉంటాయి, ఒకటి పడిపోతే రెండోదానికి మారడం ఒక్క క్లిక్కు. పైగా పాత ఫోన్‌ను సిగ్నల్ ఉన్నచోట, అంటే కిటికీ మీదో సజ్జ మీదో వదిలేసి మీరు చల్లటి గదిలో కూర్చోవచ్చు.

ఒక్క జాగ్రత్త. పాత ఫోన్ వెనక మూత కాస్త లేచినట్టున్నా, బల్ల మీద పెడితే ఊగినా, లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అలాంటిదాన్ని ఛార్జింగ్‌లో పెట్టి రోజంతా వాడకండి. ముందు బ్యాటరీ మార్పించండి.

చవక పాకెట్ రౌటర్ల లోపల తరచూ పాత తరం చిప్ ఉంటుంది. ఒకసారికి ఒకే బ్యాండ్ (సిగ్నల్ వచ్చే తరంగాల శ్రేణి) మీద పని చేస్తుంది. మామూలు ఫోన్ రెండు మూడు బ్యాండ్లు కలిపి లాగుతుంది. కొంటే రెండు విషయాలు చూడండి. ఒకటి, ఏదో ఒక కంపెనీ సిమ్‌కే లాక్ అయి ఉండకూడదు. రెండు, బ్యాండ్ 3, 5, 8, 40 నాలుగూ పెట్టె మీద ఉండాలి. విదేశాల కోసం చేసినవాటిలో ఇవన్నీ ఉండవు. పల్లెల్లో దూరం నుంచి వచ్చేది ఎక్కువగా 850, 900 మెగాహెర్ట్జ్ సిగ్నలే. అంటే 5, 8 బ్యాండ్లు. అవి లేని రౌటర్ పట్నంలో పరుగెత్తి పల్లెలో చతికిలపడుతుంది.

నెల రోజులు ఊళ్లోనే ఉండేవాళ్లకు, ముఖ్యంగా ఇంట్లో ఇద్దరు పనిచేస్తుంటే, యాంటెనాలున్న సిమ్ రౌటర్ సరైనది. బంగ్లా మీది గదిలో టవర్ వైపు కిటికీ దగ్గర పెట్టి, కిందికి లాన్ కేబుల్ దింపండి. సిగ్నల్ బూస్టర్ పెట్టిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అనుమతి లేకుండా రిపీటర్ పెట్టడం చట్టరీత్యా నేరం, పైగా చుట్టుపక్కల అందరి ఫోన్లూ పాడు చేస్తుంది.

డేటా లెక్క కూడా ముందే వేసుకోండి. వీడియో కాల్ గంటకు దాదాపు 1 జీబీ తింటుంది. రోజుకు 2 జీబీ ప్యాక్ అంటే గంటేసి మీటింగులు రెండు. అది అయిపోయాక స్పీడ్ 64 కేబీపీఎస్‌కు పడుతుంది, దాని మీద మెయిల్ తెరుచుకోవడమే గగనం. "నాకు అన్‌లిమిటెడ్ 5జీ ఉంది" అనే ధైర్యం హైదరాబాద్‌లో చెల్లుతుంది. 5జీ అందని పల్లెలో ఫోన్ 4జీకి దిగగానే రోజువారీ కోటా కరగడం మొదలవుతుంది. అందుకే ల్యాప్‌టాప్‌లో ఆ హాట్‌స్పాట్‌ను మీటర్డ్ కనెక్షన్‌గా పెట్టండి. లేకపోతే విండోస్ అప్‌డేట్ పొద్దున్నే కోటా మొత్తం మింగేస్తుంది. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ సింక్ కూడా ఆపేయండి.

## కరెంటు: ఎంఏహెచ్ కాదు, వాట్‌అవర్ చూడండి

పవర్ బ్యాంక్ పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్‌అవర్లు వస్తాయి (ఒక వాట్ చొప్పున గంటసేపు నడిపే నిల్వ ఒక వాట్‌అవర్). 20,000 అంటే 74 వాట్‌అవర్లు. వోల్టేజీ మార్చడంలో కొంత వేడిగా పోతుంది కాబట్టి ల్యాప్‌టాప్‌కు చేరేది అందులో 80 శాతం అనుకోండి.

| | నిల్వ | ల్యాప్‌టాప్‌కు చేరేది | టైపింగ్ (10 వాట్లు) | వీడియో కాల్ (20 వాట్లు) |
|---|---|---|---|---|
| 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ | 74 వాట్‌అవర్లు | 60 | 6 గంటలు | 3 గంటలు |
| 27,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ | 100 వాట్‌అవర్లు | 80 | 8 గంటలు | 4 గంటలు |
| 300 వాట్‌అవర్ల పవర్ స్టేషన్ (మోసుకెళ్లే పెద్ద బ్యాటరీ పెట్టె) | 300 | 240 | 24 గంటలు | 12 గంటలు |

ఇది ల్యాప్‌టాప్ సొంత బ్యాటరీకి అదనం. ఎక్కువమందికి 20,000 చాలు. 27,000 దాటి పోవద్దు, ఎందుకంటే విమానంలో 100 వాట్‌అవర్ల దాకానే అనుమతి అడగకుండా చేతి సంచిలో తీసుకెళ్లనిస్తారు. చెక్‌ఇన్ లగేజీలో అసలు వేయకూడదు. పవర్ స్టేషన్ మూడు నాలుగు కిలోలుంటుంది. కారుంటేనే దాని గురించి ఆలోచించండి.

కొనేటప్పుడు పొరపాటు జరిగేది సైజులో కాదు, వాట్ల దగ్గర. 22.5 వాట్ల "ఫాస్ట్" పవర్ బ్యాంక్ ఫోన్‌కు ఫాస్టే, ల్యాప్‌టాప్ మాత్రం దాన్ని లెక్కచేయదు. టైప్-సీ నుంచి పీడీ (పవర్ డెలివరీ అనే ఛార్జింగ్ పద్ధతి) 65 వాట్లు ఇచ్చేది కావాలి, సన్నటి ల్యాప్‌టాప్‌కు 45 అయినా సరిపోతుంది. లోపలికి ఎన్ని వాట్లు తీసుకుంటుందో కూడా చూడండి. రెండు గంటలే కరెంటు ఉన్న రోజు, 18 వాట్లతో నిండే పవర్ బ్యాంక్ సగం కూడా నిండదు. 60 వాట్లు తీసుకునేది దాదాపు నిండిపోతుంది. కేబుల్ మీద కూడా 60 లేదా 100 వాట్లు అని రాసి ఉండాలి. ఫోన్ పెట్టెలో వచ్చిన మామూలు కేబుల్‌తో ల్యాప్‌టాప్ "స్లో ఛార్జింగ్" అని చూపిస్తే తప్పు సాధారణంగా కేబుల్‌దే.

మీ ల్యాప్‌టాప్ గుండ్రటి పిన్ను ఛార్జర్‌తో వచ్చిందా? అయితే దాని టైప్-సీ రంధ్రం డేటాకే పరిమితం కావచ్చు. పక్కన ప్లగ్ లేదా బ్యాటరీ గుర్తు ఉందేమో చూడండి. అనుమానముంటే షాపులోనే పీడీ ఛార్జర్ పెట్టి చూసి, ఛార్జింగ్ గుర్తు వచ్చాకే డబ్బు కట్టండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే పవర్ బ్యాంక్ చిన్నదైనా సరిపోతుంది. కానీ పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద అడాప్టర్ జుమ్మని చప్పుడు చేసి వేడెక్కితే తీసేసి పవర్ బ్యాంక్ మీదికి మారండి. లాడ్జిలో దిగితే గది తీసుకునే ముందే అడగండి: "అన్నా, కరెంటు పోతే జనరేటర్ సాకెట్లకు గూడ ఇస్తదా, లైట్లు ఫ్యాన్లకేనా?" చాలాచోట్ల జవాబు రెండోదే. వైఫై రౌటర్ కూడా దాంతోనే ఆగిపోతుంది.

సిమ్ రౌటర్ తీసుకున్నవాళ్లకు మినీ యూపీఎస్ తప్పనిసరి. రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులు 1 ఆంపియర్ అని ఉంటే 12 వోల్టుల మినీ యూపీఎస్ తీసుకోండి. 30 వాట్‌అవర్ల నిల్వ ఉన్నది రౌటర్‌ను మూడు గంటలు నడుపుతుంది. పిన్ను మందం రెండు రకాలు, తేడా అర మిల్లీమీటరే. వదులుగా ఉంటే రౌటర్ ఊరికే రీస్టార్ట్ అవుతుంటుంది, జనం నెట్ బాగాలేదనుకుంటారు.

బాయికాడ మోటర్లన్నీ ఒకేసారి నడిచే వేళ వోల్టేజీ పడిపోతుంది. ల్యాప్‌టాప్ అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల మధ్య ఎక్కడైనా పనిచేస్తుంది కాబట్టి దానికి స్టెబిలైజర్ వద్దు. రైల్లో 110 వోల్టుల సాకెట్‌లోనూ అది నడుస్తుంది. ప్రమాదమంతా పోయిన కరెంటు తిరిగొచ్చే క్షణంలో. కరెంటు పోగానే ప్లగ్ తీసేయండి, వచ్చాక రెండు నిమిషాలు ఆగి పెట్టండి. స్పైక్ గార్డ్ (వోల్టేజీ ఒక్కసారిగా ఎగిస్తే అడ్డుకునే ప్లగ్ బోర్డు) ఒకటి పట్టుకెళ్లండి, అయితే గోడ సాకెట్‌కు ఎర్త్ లేకపోతే అది సగం పనే చేస్తుంది. ల్యాప్‌టాప్ లోహపు ఒంటి మీద మణికట్టు ఆనిస్తే జివ్వుమంటోందా? ఆ సాకెట్‌కు ఎర్త్ లేకపోవచ్చు. అలాంటి చోట ఛార్జ్ చేసుకుని, ప్లగ్ తీసి పనిచేయండి.

మడిచే సోలార్ ప్యానెల్ ఫోన్ వరకు పర్వాలేదు, ల్యాప్‌టాప్‌కు ఆశ పెట్టుకోకండి.

## ల్యాప్‌టాప్: మూడు రకాలు

ఫ్యాన్ లేని సన్నటివి. మ్యాక్‌బుక్ ఎయిర్ లాంటివి. 13 అంగుళాల ఎం2 రకం 1.24 కిలోలు, బ్యాటరీ 52.6 వాట్‌అవర్లు. దుమ్ము లాగే ఫ్యాన్ లేదు, ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగేవాళ్లకు అది చిన్న లాభం కాదు. టైపింగ్ పనికి రోజంతా వస్తుంది. కానీ ఫ్యాన్ లేదు కాబట్టే 40 డిగ్రీల గదిలో వీడియో కాల్, స్క్రీన్ షేర్ రెండూ నడిపితే వేడికి తనంతట తానే నెమ్మదిస్తుంది. తయారీదారు చెప్పిన హద్దు 35 డిగ్రీలు. కూలర్ ఉన్న గది దొరుకుతుందంటే ఇంతకు మించినది లేదు.

వాడిన బిజినెస్ ల్యాప్‌టాప్. సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ మార్కెట్) వెతికితే దొరికేవి. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసింది కాబట్టి ఇంటెల్ 8వ తరం కంటే పాతది తీసుకోకండి. విండోస్ 11కు అది కనీస హద్దు. ఈ కోవలో కరెంటు కోతల ఊళ్లకు థింక్‌ప్యాడ్ టీ480 ప్రత్యేకం. దానికి లోపల ఒకటి, వెనక ఊడదీసేది ఒకటి, రెండు బ్యాటరీలు. లోపలిదాని మీద నడుస్తుండగానే వెనకది మార్చుకోవచ్చు, మెషిన్ ఆపక్కర్లేదు. తర్వాత వచ్చిన టీ490లో ఈ వసతి తీసేశారు. కొనేటప్పుడు రెండు టైప్-సీ పోర్టుల్లోనూ ఛార్జింగ్ ఎక్కుతుందో లేదో చూడండి. ఆ తరంలో పోర్టును నడిపే సాఫ్ట్‌వేర్ (థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్) లోపం వల్ల పోర్టులు పాడైనవి ఉన్నాయి. విండోస్ బ్యాటరీ రిపోర్ట్ తీయించి, డిజైన్ కెపాసిటీ పక్కన ఫుల్ ఛార్జ్ కెపాసిటీ ఎంతుందో పోల్చండి. 80 శాతం ఉంటే మంచిది, 60 కంటే తక్కువైతే కొత్త బ్యాటరీ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

ఆఫీసు ఇచ్చిన 15.6 అంగుళాలది. చాలామందికి ఎంపికే ఉండదు. రెండు కిలోలు, పైన ఛార్జర్. దాని బరువైన అడాప్టర్ ఇంట్లో వదిలేసి 65 వాట్ల చిన్న గ్యాన్ ఛార్జర్ (చిన్న సైజులోనే ఎక్కువ వాట్లు ఇచ్చే రకం) తీసుకెళ్లండి. ల్యాప్‌టాప్, ఫోన్, పవర్ బ్యాంక్ మూడూ దాంతోనే ఛార్జ్ అవుతాయి. రెండో రంధ్రంలో ఫోన్ పెడితే ల్యాప్‌టాప్‌కు వచ్చేది సాధారణంగా 45 వాట్లకు తగ్గుతుంది, కంగారు పడకండి.

కీబోర్డ్ తగిలించిన ట్యాబ్లెట్ మెయిళ్లకు, మీటింగులకు సరే. ఎక్సెల్‌లో రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి చూడాల్సిన రోజు ఏడిపిస్తుంది.

ఏది తీసుకున్నా, బొంత మీద, పరుపు మీద పెట్టి పనిచేయకండి. కింది జాలీ మూసుకుపోయి పది నిమిషాల్లో ఫ్యాన్ అరుస్తుంది. పాత ఇళ్లలో షాబాద్ బండల నేల ఉంటుంది. ఎత్తు పీట వేసుకుని ల్యాప్‌టాప్ దాని మీద, అడాప్టర్, పవర్ బ్యాంక్ ఆ బండ మీద పెట్టండి. మధ్యాహ్నం మూడింటికి కూడా నీడపట్టున ఆ రాయి చల్లగానే ఉండి వేడి లాగేస్తుంది. ఎండలో ఆపిన కారులో, బైకు డిక్కీలో మాత్రం పవర్ బ్యాంక్ వదలొద్దు.

## హెడ్‌సెట్, సంచి

చెవిలో పెట్టుకునే బ్లూటూత్ బడ్స్ కంటే నోటి దగ్గరికి మైకు వచ్చే వైరు హెడ్‌సెట్ ఇక్కడ మేలు. సీలింగ్ ఫ్యాన్ హోరు, కుక్కర్ విజిల్, నీళ్ల మోటర్ అన్నీ బడ్స్ మైకులోకి వెళ్తాయి. విండోస్‌లో బ్లూటూత్ మైకు ఆన్ కాగానే వినిపించే నాణ్యత కూడా తరచూ పడిపోతుంది. మైకు నోటికి ఎదురుగా కాకుండా మూలకు, రెండు వేళ్ల దూరంలో పెట్టుకోండి. సంచి 20 నుంచి 25 లీటర్లది, వాన కవరు ఉన్నది చాలు.

## మీరు ఎవరైతే ఏం తీసుకోవాలి

పండుగకు వారం పది రోజులు ఊరెళ్లే ఉద్యోగి అయితే ఆఫీసు ల్యాప్‌టాప్, పాత ఫోన్లో రెండో సిమ్, 65 వాట్ల 20,000 పవర్ బ్యాంక్, వైరు హెడ్‌సెట్. ఇంతకు మించి ఏమీ కొనకండి.

రెండు మూడు నెలలు ఊళ్లోనే ఉండి పనిచేయాలనుకుంటే సిమ్ రౌటర్, మినీ యూపీఎస్, స్పైక్ గార్డ్ ముందు. పవర్ బ్యాంక్ తర్వాత. మీ ఊళ్లో ఫైబర్ కనెక్షన్ దొరికితే రౌటర్ కూడా వద్దు, సిమ్ ఫోన్‌ను వెనకదన్నుగా ఉంచుకోండి.

కస్టమర్ కాల్స్ ఉద్యోగమా? మీకు వేగం కంటే నిలకడ ముఖ్యం. రెండు కంపెనీల సిమ్‌లు, రెండు పరికరాల్లో. ఇందులో రాజీ పడితే మిగతాదంతా వృథా.

కొత్తగా ఫ్రీలాన్సింగ్ మొదలుపెట్టి డబ్బు చూసి ఖర్చు చేయాల్సినవాళ్లకు టీ480, దానికో అదనపు బ్యాటరీ. పవర్ బ్యాంక్ మీద పెట్టే డబ్బు ఆ బ్యాటరీ మీద పెట్టినా పని నడుస్తుంది.

బైకు మీదో కారులోనో తిరుగుతూ పనిచేసేవాళ్లు సన్నటి ల్యాప్‌టాప్, 27,000 పవర్ బ్యాంక్, కారుంటే 65 వాట్ల టైప్-సీ కారు ఛార్జర్ పెట్టుకోండి. సోమశిల, కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డుకు వెళ్లేటప్పుడు ఊరు దాటకముందే సిగ్నల్ అంకె చూసుకుని, బాగున్నచోట ఆగి కాల్ ముగించండి. శ్రీశైలం దారి మాత్రం వేరు. మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటాక దోమలపెంట దాకా అమ్రాబాద్ పులుల అభయారణ్యం. మధ్యలో చాలా దూరం ఏ సిమ్‌కూ సిగ్నల్ రాదు, పైన చెప్పిన ఏ పరికరమూ తెప్పించలేదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ గేటు మూసి ఉంటుంది కాబట్టి అడవిలో ఎంతసేపు పడుతుందో ముందే లెక్కేసుకోండి. ఫైళ్లు అచ్చంపేటలోనే పంపేసి, క్యాలెండర్‌లో మూడు గంటలు అందుబాటులో లేనని పెట్టి బయల్దేరండి.